నర్సరీ మొక్కా, గోడ మీది జువ్వా, రెడీమేడ్ బోన్సాయా: వరంగల్ డాబా మీద ఏది నిలుస్తుంది

"బోన్సాయ్ పెడదామనుకుంటున్నా అన్నా, ఏది తెచ్చుకోమంటావ్?" ప్రతి ఏడూ నాలుగు వానలు పడగానే ఎవరో ఒకరు అడుగుతారు. చెట్టు పేరు చెప్పే ముందు నేను ఎదురు మూడు ప్రశ్నలు వేస్తాను. డాబానా, బాల్కనీనా? ఎండ ఎన్ని గంటలు పడుతుంది? మే నెలలో పెళ్లికో తిరుపతికో పోతే నీళ్లు పోసేదెవరు? మూడోదానికి జవాబు లేకపోతే నీళ్లు పెద్దగా అడగని జేడ్ మొక్క తెచ్చుకోమంటాను, ముచ్చట అక్కడితో అయిపోతుంది. మిగతావాళ్ల కోసమే ఇదంతా.

హన్మకొండలో మా డాబా మీద నెలకో ఆదివారం ఐదారుగురం కలుస్తాం. కాజీపేట నుంచి రైల్వేలో రిటైరైన పెద్దాయన, హసన్‌పర్తి నుంచి ఒక టీచరమ్మ, మోటార్ వైండింగ్ షాపు నడిపే తమ్ముడు, ఇంకో ఇద్దరు. ఎవరి చెట్టు ఎందుకు చచ్చిందో దాచుకోకుండా చెప్పుకోవడమే మా పద్ధతి. ఇందులో చాలా సంగతులు అలా తెలిసినవే.

నాకో పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తా. ఆకారం చూసి కొనకండి, కాండం మొదలు చూసి కొనండి. ఆకులు నెల రోజుల్లో వస్తాయి, కొమ్మలు రెండు మూడేళ్లలో కొత్తవి పెంచుకోవచ్చు, కానీ లోతు లేని బోన్సాయ్ ట్రేలోకి ఎక్కాక చెట్టు మొదలు లావెక్కడం దాదాపు ఆగిపోయినట్టే. లావు కావాలంటే ముందే ఉండాలి, లేదా నేలలోనో పెద్ద కుండీలోనో కొన్నేళ్లు వదిలేయాలి. ఈ ఒక్క లెక్క పెట్టుకుంటే కింద చెప్పేవాటిలో మీకేది సరిపోతుందో సగం తేలిపోతుంది.

అందరూ ముందుగా పడేది రెడీమేడ్‌కే. నేనూ పడ్డాను. ఆన్‌లైన్‌లో గిఫ్ట్ డబ్బాలో వచ్చే ఫైకస్ (మర్రి, రావి జాతి మొక్కే) చూసే ఉంటారు, కింద చిలగడదుంపల్లా రెండు మూడు లావు వేళ్లు, పైన గొడుగులా ఆకులు, నీలం రంగు పింగాణీ కుండీ. మట్టి పైన పరిచిన తెల్లరాళ్లు చూసి మురిసిపోయాను. రోజూ నీళ్లు పోసేవాణ్ని, నీళ్లు పక్కనుంచి జారి కింద ప్లేటులోకి వచ్చేవి, తాగేసిందిలే అనుకునేవాణ్ని. రెండు నెలల్లో ఆకులన్నీ రాలాయి. అప్పుడు స్క్రూడ్రైవర్‌తో గీకి చూస్తే ఆ రాళ్లన్నీ జిగురుతో అతికించి ఉన్నాయి, చక్కీ పలకలా ఒకటే పెళ్లగా లేచొచ్చింది. కింద కొబ్బరి పీచు ముద్ద ఎండి, ముడుచుకుపోయి, కుండీ గోడల నుంచి వేలు పట్టేంత విడిపోయి ఉంది. నేను పోసిన నీళ్లన్నీ ఆ సందులోంచే పోయాయన్నమాట, వేరుకి చుక్క అందలేదు.

మొక్క చెడ్డది కాదు, దాన్ని అమ్మిన తీరు చెడ్డది. ఆ ఫైకస్ నిజానికి మన వేడికి బాగా తట్టుకునే రకం. ఎవరైనా బహుమతిగా ఇస్తే ఆ రోజే రాళ్లు పీకేయండి, కుండీ మొత్తాన్ని బకెట్లో పావుగంట ముంచండి, వానాకాలం రాగానే మట్టి మార్చేయండి. సొంత డబ్బులు పెట్టి మాత్రం వద్దంటాను. ఆ డబ్బుకి నర్సరీలో మూడు మొక్కలొస్తాయి, రెండు చచ్చినా ఒకటి మిగులుతుంది. పెద్ద వయసున్న, నిజంగా ఎవరో పదేళ్లు చేత్తో పెంచిన బోన్సాయ్ సంగతి వేరే. అది కొనడం తప్పు కాదు, కానీ మొదటి చెట్టుగా కొంటే టెన్షన్‌తో నిద్ర పట్టదు.

నర్సరీకి పోతే అందరూ ముందు వరసలో నిగనిగలాడే మొక్కలు చూస్తారు. మీరు వెనక్కి పొండి. కడియం నుంచి లారీలో దిగి, ఎవరూ కొనక ఏళ్లుగా మూలన పడి, కవరు చిరిగి వేళ్లు నేలలోకి దిగిపోయినవి ఉంటాయి చూడండి, మీ చెట్టు అక్కడుంది. ఆకులు దుమ్ము పట్టి ఉండొచ్చు, ఒకవైపు కొమ్మలు విరిగి ఉండొచ్చు, పర్వాలేదు. వేలితో పైమట్టి ఒక అంగుళం పక్కకి తోసి మొదలు తాకండి. నర్సరీవాళ్లు ప్రతి కవరు మార్పులో మట్టి పైపైన నింపేస్తారు, అందుకే అసలైన లావూ, చుట్టూ పరుచుకున్న వేళ్లూ లోపలే దాక్కుని ఉంటాయి. కింద లావుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడుతుంటే తీసుకోండి. కింద నుంచి పైదాకా కర్రలా ఒకే లావుంటే, ఎంత చవకైనా వదిలేయండి. మొదలు దగ్గర చక్కగా కోసి కట్టినట్టు అంటు మచ్చ కనిపించినా ఆలోచించండి, అది జీవితాంతం ముఖం మీద కుట్టులా కనిపిస్తుంది. బేరం ఆడండి, మొహమాటం వద్దు, వాళ్లు పారేద్దామనుకున్న మొక్క అది.

ఇక గోడల మీది చెట్లు. మా అందరికీ పిచ్చి ఇక్కడే. వరంగల్ పాత పేటల్లో రోడ్డు వెడల్పు అంటే మాకు ఫోన్లు మోగుతాయి, ఎవరి గోడ పడుతోంది, దానిమీద ఏముంది అని. రెండేళ్ల కింద మట్టెవాడ వైపు ఒక పెంకుటిల్లు కూలగొడుతుంటే ఓనర్‌ని అడిగి, కూలీలకి చాయ్ తాగించి, ఒక జువ్విని విడిపించాం. రాళ్ల మధ్య సున్నంలో ఎన్నాళ్లుందో తెలియదు, మొదలు నా మణికట్టంత ఉంది, వేళ్లు మాత్రం రాళ్ల సందుల్లో నలిగి నలిగి రిబ్బన్లలా చదునుగా అయిపోయాయి. వెనకవైపు ఒక్క వేరు కూడా లేదు, గోడకి ఆనుకున్న వైపు కదా, పలకలా ఉంది. దాన్ని మామూలు ట్రేలో నిటారుగా పెట్టి చూశాం, ఎటు తిప్పినా సగం చెట్టులా కనిపించింది. చివరికి కాజీపేట పెద్దాయన ఒక గ్రానైట్ రాయి తెచ్చి ఆ పలక వైపుని రాయికి ఆనించారు. సరిగ్గా కూర్చుంది. చెట్టు ఎలా పెరిగిందో అలాగే ఉండనిచ్చాం, గోడ పోయి రాయి వచ్చిందంతే.

జువ్వి, మర్రి, రావి జాతి చెట్లకి ఒక సుగుణం, వేళ్లు చాలావరకు తెగిపోయినా మళ్లీ పుట్టిస్తాయి. జూన్ చివర నుంచి ఆగస్టు దాకా గాలిలో తేమ ఉన్నప్పుడు తీయండి, కోసినచోట కారే పాలు ఆగేదాకా నీళ్లతో కడగండి, పెద్ద ఆకులు తుంచేయండి, కుండీలో కదలకుండా కట్టి నీడలో పెట్టండి. చిగురొచ్చింది కదా అని వెంటనే సంబరపడొద్దు, కాండంలో దాచుకున్న బలంతో కూడా చిగురు పెడుతుంది, వేరు వచ్చిందని దానర్థం కాదు. ఏడాది పాటు లాగి చూడటం, కొమ్మలు కోయడం, వంచడం ఏమీ వద్దు. ఓపిక లేనివాళ్లకి ఈ దారి పనికిరాదు. మాలో ఇద్దరు చిగురు చూసి ఆగలేక కదిపి చంపుకున్నారు, అందులో ఒకణ్ని నేను.

ఒక హెచ్చరిక. ఏటూరునాగారం, పాకాల వైపు అడవికి పిక్నిక్ పోయి వంకర చెట్టు కనిపించిందని గడ్డపార తీయకండి. రిజర్వు అడవిలోంచి మొక్క తేవడం నేరం, పట్టుబడితే చట్టమే మాట్లాడుతుంది. ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి లాంటి రక్షిత కట్టడాల రాళ్ల సందుల్లో మొలిచినవీ అంతే, పురావస్తు శాఖవాళ్ల పని అది, మీరు పీకితే మొక్కతో పాటు రాయి కూడా కదులుతుంది. ప్రైవేటు స్థలమైనా సరే, పెద్ద చెట్టు జోలికి పోతే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. పాత ఇళ్ల గోడలు, తెలిసినవాళ్ల పెరడు, గేటు మీది కాగితం పూల తీగ, ఇవి చాలు మనకి. ఓనర్‌ని అడగడం మాత్రం మరవద్దు.

గింజ నాటి, కొమ్మ గుచ్చి మొదలుపెట్టే దారి కూడా ఉంది. పైసా ఖర్చుండదు, వేళ్లు మొదటి నుంచీ మనం అనుకున్నట్టు పరుచుకుంటాయి, కానీ చెట్టులా కనిపించడానికి ఎనిమిది పదేళ్లు. టీచరమ్మ చింతగింజలు బడిపిల్లలతో నాటించారు, ఆ పిల్లలు డిగ్రీకొచ్చేసరికి చూడొచ్చు.

ఏ చెట్టు అన్న ప్రశ్నకి వద్దాం. ఎండ విషయంలో మన ఊరు మొహమాటపడదు, మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే, డాబా సిమెంటు రాత్రి పదింటికి కూడా వెచ్చగానే ఉంటుంది. అందుకే వీడియోల్లో కనిపించే జపాన్ మేపుల్, పైన్‌ల ఆశ మొదట్లోనే వదిలేయండి. వాటికి చలికాలంలో నిజమైన చలి, రెండు మూడు నెలల నిద్ర కావాలి, మనకి సంక్రాంతికి స్వెట్టర్ వేసుకునే చలి దానికి చాలదు. జునిపర్ కూడా నా దగ్గర రెండు పోయాయి. జునిపర్‌తో ఇంకో చిక్కు, చచ్చిన నెల తర్వాత కూడా పచ్చగానే కనిపిస్తుంది, మనం పాపం నీళ్లు పోస్తూనే ఉంటాం.

మొదటి చెట్టుకి చిన్నాకు ఫైకస్‌నీ, జేడ్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫైకస్ నీళ్లు ఎక్కువైనా కొంత ఓర్చుకుంటుంది, తప్పుగా కోసినా మళ్లీ పక్కనుంచి చిగురేస్తుంది, వంచితే వంగుతుంది. నేర్చుకోవడానికి అంతకన్నా మంచి గురువు లేదు. ఎండాకాలం మాత్రం రోజూ నీళ్లు కావాల్సిందే, బాగా ఎండితే రెండు పూటలా. జేడ్ దానికి పూర్తిగా ఎదురు. దక్షిణాఫ్రికా మెట్ట చెట్టు, ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది, వారం మరిచిపోయినా ఏమీ అనదు. కానీ మన జులై ముసురులో పది రోజులు తడిస్తే మొదలు మెత్తబడి కుళ్లుతుంది. ఊళ్లు తిరిగేవాళ్లకి జేడ్, ఇంట్లో ఉండి చెట్టుని నిమిరేవాళ్లకి ఫైకస్. జేడ్‌కి వాన పడని చోటు చూపించాలి, అంతే.

మర్రి అందరికీ ఇష్టమే, ఊడలు వస్తాయని. కానీ ఆకు పెద్దది, ఎంత తుంచినా కొంతవరకే చిన్నదవుతుంది, కాబట్టి అడుగు ఎత్తు మర్రి బోన్సాయ్ గొడుగు పట్టుకున్న పిల్లాడిలా ఉంటుంది. రెండున్నర, మూడు అడుగుల పెద్ద చెట్టు పెట్టే చోటుంటేనే మర్రి. రావి ఇంకా మొండిది, కణుపుకీ కణుపుకీ మధ్య దూరం ఎక్కువ, కొమ్మలు ఒత్తుగా రావు. పైగా ఇంట్లో పెద్దవాళ్ల అభ్యంతరం ఉంటుంది, మా అమ్మైతే రావిచెట్టు ఇంట్లోనా, గుడికి ఇచ్చిరా అంది, నిజంగానే ఇచ్చేశాను. గొడవెందుకు.

నన్నడిగితే మన నేలకి తగిన అసలు బోన్సాయ్ చెట్టు చింత. ఆకులు పుట్టుకతోనే చిన్నవి, బెరడు కొన్నేళ్లకే పగిలి ముసలితనం వస్తుంది, ఎండ ఎంత పడితే అంత బలం, సాయంత్రానికి ఆకులు ముడుచుకుంటే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. లావెక్కడం మాత్రం నిదానం. తొందరగా లావు కావాలంటే సీమ చింత, కానీ దాని ముళ్లు చేతిని వదలవు, కోసిన పది రోజులకే చీపురుపుల్లల్లా పైకి లేస్తుంది. కాగితం పూలు, అదే బోగన్‌విలియా, పాత గేటు మీదిది దొరికితే వదలకండి, మొదలు అప్పటికే తొడంత ఉంటుంది. వేళ్లు మాత్రం చాలా సున్నితం, మట్టి మొత్తం దులిపితే అలుగుతుంది. కట్టె మెత్తన, ఎండిన భాగం తొందరగా పుచ్చిపోతుంది, కాబట్టి మోడు కొమ్మల్ని అందానికి అలాగే ఉంచే ఆలోచన దానితో పెట్టుకోవద్దు. ఇంకో లాభం ఉంది, ఎవరూ రాయరు గానీ: కోతులు. మా డాబా మీద గుంపు దిగిందంటే చింత చిగురు మిగలదు, ఫైకస్ కుండీలు దొర్లుతాయి, కాగితం పూల జోలికి మాత్రం రావు. మిగతా కుండీలన్నిటినీ స్టాండుకి తీగతో బిగించి కట్టేశాం.

మట్టి దగ్గర కొత్తవాళ్లు ఎక్కువ తప్పులు చేస్తారు. పొలానికి బలమని చెరువు మట్టి, నల్లరేగడి తెచ్చి ట్రేలో నింపుతారు. పత్తికి బంగారమే, ట్రేకి మాత్రం విషం, తడిస్తే ఉబ్బి గాలి ఆడదు, ఎండితే పగిలి వేళ్లు తెంపుతుంది. జపాన్ అకడమా మట్టి తెప్పించుకోవాలా అని అడుగుతారు, అక్కర్లేదు, రేటు చూస్తే మీరే వద్దంటారు. 1923 భూకంపం తర్వాత టోక్యోలో బోన్సాయ్ పెంచేవాళ్లు మంచి నేల, నీళ్లు వెతుక్కుంటూ దగ్గర్లోని ఒమియాకి పోయి 1925లో అక్కడ ఒక ఊరే కట్టుకున్నారు. మనకి అంత కష్టం లేదు, కంకర క్రషర్ దాకా పోతే చాలు. 6 ఎంఎం బేబీ చిప్స్ ఒక బస్తా, ఇటుక బట్టీ దగ్గర విరిగిన ఇటుకలు ఒక బస్తా. ఇటుక బాగా కాలిందో లేదో తెలియాలంటే ఒక ముక్క రాత్రంతా నీళ్లలో వేయండి, పొద్దునకి వేళ్ల మధ్య మెత్తగా నలిగితే పనికిరాదు. బూడిద ఇటుక వద్దు, అందులో సిమెంటు ఉంటుంది. ఇటుక కొట్టి జల్లెడ పట్టి శనగగింజంత ముక్కలు ఉంచుకుని పొడి పారేయండి, ఈ పని ఒక్కడే చేస్తే విసుగు, ఐదుగురు కలిస్తే ఒక పూట. ఇటుక నీళ్లు పట్టి ఉంచుతుంది, గ్రానైట్ చిప్స్ నీళ్లు వదిలేస్తాయి. ఫైకస్‌కి ఇటుక రెండు పాళ్లు, చిప్స్ ఒక పాలు, మాగిన ఎరువు ఒక పాలు. జేడ్‌కి ఎరువు సగం తగ్గించి చిప్స్ పెంచండి. ఈ మిశ్రమంలో నీళ్లు పోసిన వెంటనే కింద కంతల్లోంచి కారతాయి, అలాగే కారాలి, భయపడొద్దు.

కుండీ విషయంలో నా సలహా చిన్నది. లావు పెరగాల్సిన చెట్టుకి ప్లాస్టిక్ టబ్బు, ఆకారం కుదిరాకే ట్రే. కాల్చిన మట్టి కుండీ వానాకాలం బాగుంటుంది, మే నెలలో పక్కల నుంచి కూడా నీళ్లు ఆవిరై మధ్యాహ్నానికే వాడిపోతుంది, పైన మెరుపు పూత ఉన్న పింగాణీ నయం. ట్రే లోతు మొదలు లావంత, పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు, ఇది పాత లెక్క, మన ఎండకి లోతు ఒక అంగుళం పెంచుకోండి.

మట్టి మార్చేది ఎప్పుడు? ఇక్కడే మేం ఎక్కువ వాదించుకుంటాం. చలిదేశాల వాళ్లు వసంతంలో మార్చమంటారు, దాన్ని నమ్మి ఉగాదికి మారిస్తే వేరు కుదురుకునేలోపే ఎండలు వచ్చి పడతాయి. ఫైకస్, జువ్వి, మర్రి జాతికి మృగశిర పోయి రెండు మంచి వానలు పడ్డాక, ఆగస్టు లోపు. చింత, కాగితం పూలకి ఫిబ్రవరిలో కొత్త చిగురు కదిలే ముందు చేసేవాళ్లున్నారు, పెద్దాయన అలాగే చేస్తారు, ఆయన దగ్గర మొత్తం గ్రీన్ నెట్ నీడ ఉంది కాబట్టి నడుస్తుంది. నీడ లేని డాబా మీదైతే అవి కూడా జూన్ చివరకే పెట్టుకోండి. రోహిణి కార్తెలో మాత్రం ఏ చెట్టునీ ముట్టుకోవద్దు, రోళ్లు పగిలే ఎండలో వేరు బతకదు.

చేసే తీరు ఒకసారి చూస్తే వస్తుంది. ముందు రోజు నీళ్లు ఆపండి. వేళ్ల ముద్దని బయటికి తీసి వెదురు పుల్లతో అంచు నుంచి లోపలికి దువ్వండి, చిక్కుపడిన జుట్టు దువ్వినట్టు, లాగకుండా. కింద నిటారుగా దిగిన లావు వేరు ఉంటే కోసేయండి, పక్కలకి పరుచుకున్న సన్న వేళ్లు ఉంచండి, మొత్తం మీద మూడో వంతు మించి తీయొద్దు. ట్రే కంతల్లోంచి తీగ వేసి చెట్టుని బిగించి కట్టాలి, ఊగితే కొత్త వేరు తెగుతుంది. మిశ్రమం పోసి పుల్లతో పొడుస్తూ సందులు నింపి, కింద నుంచి వచ్చే ఎర్ర నీళ్లు తేటగా అయ్యేదాకా పోయండి. జేడ్‌కి మాత్రం ఈ చివరి ముక్క వర్తించదు, పొడి మట్టిలో పెట్టి వారం దాకా చుక్క పోయొద్దు.

ఆకారానికి తీగ చుట్టాలా, కోసి పెంచాలా? ముళ్ల చెట్లకీ, చింతకీ నేను కత్తెరే వాడతాను. కావలసిన వైపున్న మొగ్గకి కాస్త పైన కోస్తే కొమ్మ అటే తిరుగుతుంది, నిదానమే కానీ వంపు సహజంగా ఉంటుంది. ఫైకస్‌కి తీగ హాయి. అల్యూమినియం తీగ మెత్తన, కొత్త చేతికి అదే మంచిది. వైండింగ్ షాపు తమ్ముడు ఇచ్చే రాగి తీగ సన్న కొమ్మలకి బాగా పని చేస్తుంది, అదే లావుకి ఎక్కువ పట్టు పడుతుంది. కొమ్మ లావులో మూడో వంతు తీగ చాలు. పెద్ద కొమ్మ కోసే ముందు మా దగ్గర ఒక అలవాటుంది, అది లేకపోతే ఎలా ఉంటుందో తెలియడానికి దానిమీద తడిగుడ్డ కప్పి అందరం నాలుగు వైపులా తిరిగి చూస్తాం, ఒక్కరైనా వద్దంటే ఆ ఆదివారం కోయం.

తీగ చుట్టాక మరిచిపోవడమే అసలు ప్రమాదం. వానల్లో ఫైకస్ కొమ్మ చూస్తుండగానే లావెక్కుతుంది. బోనాలప్పుడు చుట్టిన తీగ వినాయక చవితికల్లా తీసేయండి, చుట్టు విప్పొద్దు, ముక్కలుగా కత్తిరించి తీయండి. నేనొకసారి బతుకమ్మ దాకా ఆగాను, ఆ కొమ్మ మీద స్ప్రింగు అచ్చు నాలుగేళ్లయినా పోలేదు.